గుడ్లు, చికెన్‌లో మందుల అవశేషాలు: స్ట్రిప్ చాలా, ఎలైజా కావాలా, ఎల్‌సీ-ఎంఎస్ దాకా వెళ్లాలా?

"మా గుడ్లు టెస్ట్ చేయించాలి, ఏ టెస్టు మంచిది?" అని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: రిపోర్టు చేతికొచ్చాక ఏం చేద్దామనుకుంటున్నారు? లేయర్ షెడ్డులో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల షెడ్డులో, మందు ఆపి వారమైంది, రేపు లారీ ఎక్కించొచ్చా అన్నది ఒక అవసరం. సూపర్ మార్కెట్ వాడికి కాగితం చూపించడం ఇంకో అవసరం. గుడ్డు పొడి యూరప్‌కు పంపడం పూర్తిగా వేరే లోకం. ఇంట్లో పిల్లలకు పెట్టే గుడ్డు మీద అనుమానం ఇంకొకటి. ఈ నలుగురికీ ఒకే టెస్టు చెప్పేవాళ్లు తమ దగ్గర ఉన్న మెషీన్‌ను అమ్ముకుంటున్నారనే అనుకోండి.

ధర చూసి టెస్టు ఎంచుకోవడం కంటే, ఏ మందు వెతుకుతున్నామో తేల్చుకుని టెస్టు ఎంచుకోవడం మేలు. ఖరీదైన మెషీన్ మీద తప్పు జాబితా పెట్టి వెతికితే వచ్చే "లేదు" కన్నా, ఫారంలో నిజంగా వాడిన మందుకు సరిపోయే చవక స్ట్రిప్పే ఎక్కువ చెబుతుంది.

ముందు మందు, తర్వాతే మెషీన్

మన కోళ్ల ఫారాల్లో ఎక్కువగా వినిపించే పేర్లు ఎన్రోఫ్లోక్సాసిన్, ఆక్సీటెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, టైలోసిన్, నియోమైసిన్, సల్ఫా మందులు. కోలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, దాణాకు వాడేందుకు తయారు చేయడం, అమ్మడం కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జూలైలోనే నిషేధించింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు ఆహార జంతువుల్లో ఉండకూడని మందులు. వీటికి తోడు బ్రాయిలర్ దాణాలో కాక్సిడియా అనే పేగు పరాన్నజీవిని అణచడానికి కలిపే నైకార్బజిన్, సాలినోమైసిన్ లాంటివి ఉంటాయి. దాణా మిల్లులో బ్రాయిలర్ మేత ఆడించి, మిక్సర్ సరిగా శుభ్రం చేయకుండా లేయర్ మేత ఆడిస్తే ఇవి గుడ్డులోకి వస్తాయి. రైతు ఏ మందూ వాడకపోయినా నైకార్బజిన్ అవశేషం పచ్చసొనలో తేలుతుంది. ఇలాంటప్పుడు రైతును నిలదీసి లాభం లేదు, మిల్లు బ్యాచ్ రిజిస్టరు తెప్పించి చూడాలి.

మందు ఎక్కడ దాక్కుంటుందో కూడా చూసుకోవాలి. కొవ్వులో కరిగేవి పచ్చసొనలో చేరతాయి. పచ్చసొన వేగంగా పెరిగే దశ దాదాపు పది రోజులు. కాబట్టి ఈ రోజు కోడి తాగిన మందు వచ్చే పది రోజుల్లో పెట్టే గుడ్లన్నిటిలోనూ పొరలు పొరలుగా కనిపించొచ్చు. తెల్లసొన మాత్రం గుడ్డు బయటికొచ్చే ముందు కొన్ని గంటల్లోనే తయారవుతుంది. బ్రాయిలర్‌లో కార్జం, మూత్రపిండాల్లో అవశేషం ఎక్కువ, రొమ్ము కండలో తక్కువ. అందుకే ఎన్రోఫ్లోక్సాసిన్‌కు యూరప్ పెట్టిన పరిమితి కోడి కండలో కిలోకు 100 మైక్రోగ్రాములు, లివర్‌లో 200, కిడ్నీలో 300. ఈ లెక్క దాని నుంచి ఒంట్లో తయారయ్యే సిప్రోఫ్లోక్సాసిన్‌తో కలిపి. రెండూ కలిపి కొలవని రిపోర్టు సగం రిపోర్టే.

నాలుగు దారులు

అన్నిటికంటే పాతది సూక్ష్మజీవి టెస్టు. జెల్లీ నింపిన చిన్న గొట్టంలో వేడిని తట్టుకునే ఒక బ్యాసిల్లస్ జాతి బ్యాక్టీరియా బీజాలుంటాయి. ప్రిమిటెస్ట్ లాంటివి ఈ రకమే. మాంసం పిండిన రసం 100 మైక్రోలీటర్లు వేసి 64 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగితే ఊదా రంగు పసుపుకు మారుతుంది, యాంటీబయాటిక్ ఉంటే ఊదాగానే ఉండిపోతుంది. పెన్సిలిన్ జాతికి, సల్ఫాలకు ఇది బాగా పనిచేస్తుంది. ఎన్రోఫ్లోక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్లు పరిమితి స్థాయిలో ఉంటే చాలాసార్లు పట్టుకోలేదు. నైట్రోఫ్యురాన్, క్లోరాంఫెనికాల్ విషయంలో ఇది అక్కరకు రాదు. గుడ్డుతో ఇంకో చిక్కు: తెల్లసొనలో లైసోజైమ్ అనే సహజ బ్యాక్టీరియా నాశిని ఉంటుంది, దాన్ని ముందుగా వేడి చేసి పనికిరాకుండా చేయకపోతే మంచి గుడ్డు కూడా "పాజిటివ్" అంటుంది. ఎన్రో ఎక్కువగా వాడే మన దగ్గర ఈ ఒక్క టెస్టునే నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను.

రెండోది స్ట్రిప్. పది పదిహేను నిమిషాల పని, వందల్లో ఖర్చు, ఫారం ఆఫీసు బల్ల మీదే చేయొచ్చు. జనం పొరపడేది దాన్ని చదివే దగ్గర. ఇది కోవిడ్ కిట్‌కు తలకిందులు: టెస్టు గీత ముదురుగా వస్తే మందు లేనట్టు, గీత లేతబడినా మాయమైనా మందు ఉన్నట్టు. కంట్రోల్ గీత పక్కన పెట్టి ఏది ముదురో చూడాలి. సాయంకాలం ట్యూబులైటు కింద ఇద్దరు చూస్తే రెండు మాటలు చెబుతారు, కాబట్టి చిన్న రీడర్ కొనుక్కోవడం దండగ కాదు. గుడ్డును గిలక్కొట్టి, కిట్‌తో వచ్చిన బఫర్ ద్రావణంలో కలిపి, బాగా ఊపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన కొవ్వు రాకుండా మధ్యలోని ద్రవం తీసుకోవాలి. కొవ్వు పడితే స్ట్రిప్ మీద ద్రవం సగంలోనే ఆగిపోతుంది. సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదని చెప్పే కిట్లున్నాయి గానీ, పచ్చసొన విషయంలో అలాంటి మాట జాగ్రత్తగా తీసుకోండి.

స్ట్రిప్ కొనే ముందు డబ్బా మీద చూడాల్సింది దాని కట్-ఆఫ్, అంటే ఎంత మందు ఉంటే అది స్పందిస్తుందన్న అంకె. పరిమితి 100 అయితే 300 దగ్గర స్పందించే స్ట్రిప్ పనికిరాదన్నది తేలిగ్గానే అర్థమవుతుంది. 5 దగ్గరే స్పందించేది కూడా ఇబ్బందే, చట్టం ఒప్పుకునే సరుకును కూడా ఆపేయిస్తుంది. ఇంకో మాట, పాల కోసం చేసిన స్ట్రిప్‌ను గుడ్డుకు వాడొద్దు. డీలరు "అన్నిటికీ ఒకటే" అంటే గుడ్డు మీద, కండ మీద పరీక్షించిన కాగితాలు అడగండి. చాలామంది దగ్గర అవి ఉండవు.

మూడోది ఎలైజా, యాంటీబాడీతో మందును పట్టుకునే రంగు పరీక్ష. 96 గుంటల ప్లేటు, రెండు మూడు గంటలు, మైక్రోగ్రాముల్లో అంకె. ఇందులోనూ రంగు ఎంత తక్కువ వస్తే మందు అంత ఎక్కువ. ఒక్కసారి ఇరవై ముప్పై నమూనాలు పెట్టగలిగినవాళ్లకే ఇది గిట్టుబాటు. పోలిక కోసం పెట్టే తెలిసిన మోతాదు ద్రావణాలకే (స్టాండర్డులు) పది పన్నెండు గుంటలు పోతాయి, ప్రతి నమూనాకూ రెండేసి గుంటలు కావాలి. వారానికి రెండు నమూనాలుండే ఫారానికి ప్లేటు తెరవడమే నష్టం. పోలికలున్న వేరే అణువులను చూసి యాంటీబాడీ మోసపోయే అవకాశం ఉంటుంది కాబట్టి ఎలైజా పాజిటివ్‌ను తుది తీర్పు అనుకోకూడదు. రైతులకు పిల్లలు, దాణా ఇచ్చి కోళ్లు పెంచించే ఇంటిగ్రేషన్ కంపెనీలకు, పెద్ద ప్రాసెసింగ్ ప్లాంట్లకు సొంత ల్యాబులో ఇది చక్కగా సరిపోతుంది.

నాలుగోది ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్. ద్రవంలో అణువులను విడదీసి, వాటిని ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను బట్టి ఇది ఫలానా మందేనని తేలుస్తుంది. నమూనాకు వేలల్లో ఖర్చు, రిపోర్టుకు చాలా ల్యాబుల్లో కొన్ని రోజులు. వివాదంలో గానీ ఎగుమతిలో గానీ చివరికి నిలబడేది ఇదే. దీనికి ముందు తరం హెచ్‌పీఎల్‌సీ, అణువులను విడదీసి కొలిచే మెషీన్, తీసిపారేయాల్సింది కాదు. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఢిల్లీ పరిసరాల్లో కొన్న 70 కోడి నమూనాలను పరీక్షించి 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని చెప్పింది, దేశమంతా చర్చ మొదలైంది. అప్పుడు వాళ్లు వెతికింది ఆరే మందులు. చిన్న జాబితా, కానీ ఫారాల్లో వాడుకలో ఉన్నవాటితో చేసిన జాబితా.

ఎల్‌సీ-ఎంఎస్ అనగానే "అన్నీ చూసేస్తుంది" అన్న నమ్మకం ఒకటి బాగా పాకింది. మెషీన్ ఒకటే కావచ్చు, దానిలోకి ఎక్కించే ముందు నమూనాను సిద్ధం చేసే దారులు వేరు. టెట్రాసైక్లిన్లు, క్వినలోన్లు, సల్ఫాలు, టైలోసిన్ లాంటి మాక్రోలైడ్లు ఒకే బండిలో ప్రయాణిస్తాయి. నియోమైసిన్, జెంటామైసిన్ లాంటివి నీటిని అంటిపెట్టుకుని ఉండే రకం, వాటికి వేరే కాలమ్, వేరే పద్ధతి. కోలిస్టిన్‌ది ఇంకో తీరు. నైట్రోఫ్యురాన్లది మరీ వేరు. "మల్టీ రెసిడ్యూ, 60 మందులు" అని రాసిన ప్యాకేజీలో ఈ మూడూ లేకపోవడం మామూలే. పేర్లు చదవకుండా అంకె చూసి మురిసిపోవద్దు.

నైట్రోఫ్యురాన్లకు విడిగా డబ్బు పెట్టాల్సిందే

నైట్రోఫ్యురాన్లలో ఒకటైన ఫ్యూరజోలిడోన్ కోడి ఒంట్లోకి వెళ్లిన కొన్ని గంటల్లోనే అసలు మందు మాయమవుతుంది. ఏఓజెడ్ అనే దాని తోక మాత్రం మాంసకృత్తులకు అంటుకుని వారాల తరబడి ఉంటుంది. వండినా చాలావరకు అలాగే ఉంటుంది. కాబట్టి ల్యాబు అసలు ఫ్యూరజోలిడోన్ కోసం వెతికి "లేదు" అంటే దానికి అర్థమే లేదు. సరైన పద్ధతిలో నమూనాను పలుచని ఆమ్లంలో వేసి, నైట్రోబెంజాల్డిహైడ్ అనే రసాయనం కలిపి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఊపుతూ ఉంచుతారు. అప్పుడు ఆ తోక విడివడి, మెషీన్ పట్టగల రూపంలోకి వస్తుంది. సాయంత్రం నమూనా ఇచ్చి మర్నాడు పొద్దున్నే నైట్రోఫ్యురాన్ రిపోర్టు కావాలనేవాళ్లకు ఈ రాత్రి సంగతి చెప్పాలి. ఎలైజాకైనా, స్ట్రిప్‌కైనా ఈ తయారీ తప్పదు, మహా అయితే కొన్ని కిట్లలో వేడి పెంచి సమయం తగ్గిస్తారు.

తోకలు నాలుగు: ఫ్యూరజోలిడోన్‌కు ఏఓజెడ్, ఫ్యురాల్టడోన్‌కు ఏఎంఓజెడ్, నైట్రోఫ్యురాంటోయిన్‌కు ఏహెచ్‌డీ, నైట్రోఫ్యూరజోన్‌కు ఎస్ఈఎమ్. మొదటి మూడింటిలో ఏది దొరికినా మందు వాడినట్టే అనుకోవచ్చు. ఎస్ఈఎమ్‌ను మాత్రం ఒంటరిగా నమ్మకూడదు. సీసా మూతల రబ్బరు నుంచి, పిండిలో వేసే అజోడైకార్బనమైడ్ నుంచి కూడా అది రావచ్చు, ఎండబెట్టిన తెల్లసొన పొడిలో మందు లేకుండానే కనిపించిన సందర్భాలున్నాయి. గుడ్డు పొడి చేసేవాళ్లు ఈ సంగతి తెలియక సరుకు మొత్తం వెనక్కి తెప్పించుకునే ప్రమాదం ఉంది.

2025 డిసెంబరులో ప్యాకెట్ గుడ్ల మీద సోషల్ మీడియాలో రేగిన గొడవ ఈ ఏఓజెడ్ గురించే. బయటికొచ్చిన రిపోర్టులోని అంకె కిలోకు ఒక మైక్రోగ్రాము లోపే. నైట్రోఫ్యురాన్లు కోళ్లలో ఏ దశలోనూ వాడకూడదని, 1.0 మైక్రోగ్రామన్నది తనిఖీ కోసం పెట్టుకున్న గీతేనని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వివరణ ఇచ్చింది. యూరప్‌లో అదే గీత 2022 నవంబరు నుంచి 0.5. అంటే 0.7 వచ్చిన గుడ్డు ఇక్కడ పాస్, అక్కడ ఫెయిల్. అదే గుడ్డు, అదే మెషీన్. నిషేధించిన మందు ఇక్కడి గీత లోపలే ఉన్నా, అది గుడ్డులోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుందని నా అభిప్రాయం. దాణా, నీటి లైను, పాత షెడ్డు మట్టి, అన్నీ చూడాలి. ఈ గొడవ చూసి గుడ్లు మానేయడం మాత్రం తొందరపాటే.

అనుమతి ఉన్న మందులకూ పరిమితులు దేశానికొకటి. ఆక్సీటెట్రాసైక్లిన్‌కు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) గీత కిలోకు కోడి కండలో 200, గుడ్డులో 400 మైక్రోగ్రాములు. యూరప్‌లో 100, 200. టెస్టు ఆర్డరిచ్చేటప్పుడే సరుకు ఎక్కడికి పోతుందో ల్యాబుకు చెప్పండి.

ఇక ఎవరికి ఏది

లేయర్ రైతుకు నా సలహా స్ట్రిప్పే, అదీ తాను వాడిన మందుకే. ముందుగా మందు డబ్బా మీద విత్‌డ్రాయల్ పీరియడ్, అంటే మందు ఆపాక అమ్మకానికి ఆగాల్సిన గడువు, చూడండి. అది లేకపోతే డ్రగ్స్ రూల్స్‌లోని 97వ నిబంధన ప్రకారం గుడ్లకు కనీసం 7 రోజులు, కోడి మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. పచ్చసొన పది రోజుల సంగతి గుర్తుంటే, ఆ 7 రోజులు కొన్ని మందులకు చాలకపోవచ్చని తెలుస్తుంది. గడువు అయిన మర్నాడు స్ట్రిప్ పెట్టి చూసుకుంటే మనసు కుదుటపడుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ల్యాబుకు పంపి, తన స్ట్రిప్ నిజం చెబుతోందో లేదో సరిచూసుకుంటే చాలు.

బ్రాయిలర్ రైతు లెక్క వేరు. ఆరు వారాల్లో కోడిని ఎత్తేస్తారు. డబ్బా మీద గడువు రాయని మందైతే 28 రోజులు తీసేస్తే మిగిలేది మొదటి రెండు వారాలే. చివరి వారంలో సీఆర్‌డీ అనే శ్వాస జబ్బు వచ్చి మందు పోశారంటే, స్ట్రిప్ కొనే ముందు లిఫ్టింగ్ తేదీ గురించి కంపెనీ సూపర్‌వైజరుతో మాట్లాడాలి. టెస్టు చేయాల్సి వస్తే లివర్ మీద చేయండి. అక్కడ లేకపోతే కండలో ఉండే అవకాశం తక్కువ.

ప్యాకెట్ గుడ్ల బ్రాండ్లు, హోటల్ గొలుసులు, కొనుగోలు మేనేజర్లు రెండంచెలు పెట్టుకోవాలి. వచ్చే ప్రతి లాటుకూ స్ట్రిప్ గానీ ఎలైజా గానీ, మూడు నెలలకోసారి పేర్లు ఎంచి ఇచ్చిన జాబితాతో ఎల్‌సీ-ఎంఎస్, నైట్రోఫ్యురాన్లు విడిగా. ట్రేల నుంచి పన్నెండు గుడ్లు తీసి కలిపి ఒకే నమూనాగా పంపడం వాడుక. ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ పన్నెండింటిలో ఒక్క గుడ్డులో 300 ఉంటే కలిపాక 25 అవుతుంది, పరిమితి 100 అయితే పాస్. కాబట్టి వేర్వేరు షెడ్ల గుడ్లను ఎప్పుడూ కలపకండి, ఒకే షెడ్డు గుడ్లు కలిపితే పరవాలేదు.

ఈ బ్రాండ్లకే ఇంకో మాట. అవశేషం లేదంటే యాంటీబయాటిక్ వాడలేదని కాదు. గడువు పాటించిన ఫారం గుడ్డు అన్ని టెస్టుల్లోనూ శుభ్రంగా బయటపడుతుంది. "యాంటీబయాటిక్ రహితం" అని డబ్బా మీద రాసుకోవడానికి ల్యాబు రిపోర్టు ఆధారం కాదు, మందుల రిజిస్టరు, దాణా బిల్లులే ఆధారం.

హార్మోన్ టెస్టుకు డబ్బు పెట్టొద్దు. బ్రాయిలర్ త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, మేత వల్ల. ఇంజెక్షన్ కథ ఎంత పాతదైనా కథే.

ఎగుమతిదారుకు ఎంపిక ఉండదు. కొనే దేశం అడిగిన పద్ధతి, ఎగుమతి తనిఖీ మండలి అవశేషాల పర్యవేక్షణ ప్రణాళిక, అంతే. వాళ్లకు నేను గుర్తు చేసేది 2017 ఒక్కటే. నెదర్లాండ్స్, బెల్జియం ఫారాల్లో కోళ్ల రక్తం పీల్చే ఎర్ర నల్లులను చంపడానికి వాడిన మందులో ఫిప్రోనిల్ అనే పురుగుమందు కలిసి, లక్షల కొద్దీ గుడ్లు అంగళ్ల నుంచి వెనక్కి వెళ్లాయి. అది యాంటీబయాటిక్ కాదు, యాంటీబయాటిక్ జాబితాలో దొరకదు. మీ షెడ్డులో పేలకు, ఈగలకు ఏం కొడుతున్నారో ఆ పేరు కూడా జాబితాలో ఎక్కించండి.

ఇంట్లో తినేవాళ్లకు నమ్మదగిన ఇంటి టెస్టు లేదు. పచ్చసొన రంగు దాణాలోని మొక్కజొన్నను బట్టి ఉంటుంది, మందును బట్టి కాదు. పట్టుదల ఉన్నవాళ్లకు గుడ్డి కన్నా మెల్ల నయమన్నట్టు ఒక దారి ఉంది: 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్లు ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, నమూనా తప్పు తేలితే ఫీజు వెనక్కి అడగొచ్చు.

ల్యాబును అడగాల్సినవి

ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం: "గుడ్డులో ఏఓజెడ్" అన్న వరుస వాళ్ల స్కోపులో, అంటే గుర్తింపు వర్తించే పరీక్షల జాబితాలో, ఉందా? తేనెలో యాంటీబయాటిక్ పరీక్షకు గుర్తింపు ఉన్నంత మాత్రాన గుడ్డుకు ఉన్నట్టు కాదు. స్కోపు కాగితాలు ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులోనే చదువుకోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ప్రైవేటు ల్యాబులు బోలెడున్నాయి. మాంసం విషయంలో చెంగిచెర్లలోని ఐసీఏఆర్ జాతీయ మాంస పరిశోధన సంస్థ కూడా ఉంది.

రిపోర్టు వచ్చాక కళ్లు ముందు "ఎన్.డి." (దొరకలేదు) దగ్గరికి పోతాయి. దాని పక్కన ఎల్ఓక్యూ, అంటే ల్యాబు నమ్మకంగా కొలవగల కనీస మోతాదు, ఎంత అని చూడండి. క్లోరాంఫెనికాల్‌కు ఎల్ఓక్యూ 10 మైక్రోగ్రాములు, ఫలితం ఎన్.డి. అని రాసిన కాగితం ఉత్తదే, యూరప్ గీత 0.15. అనుమతి ఉన్న మందుకు 108 వచ్చి పరిమితి 100 అయితే, కొలత అనిశ్చితి, అంటే అంకె అటూ ఇటూ ఎంత మారొచ్చో, అడగాలి. "నమూనా కస్టమరు ఇచ్చినది" అన్న వాక్యం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే ఆ రిపోర్టు మీరు పట్టుకెళ్లిన ఆ కొన్ని గుడ్లకే, షెడ్డుకు కాదు. మాంసమైతే ఐసు జెల్ ప్యాకుల మధ్య, గడ్డకట్టిన స్థితిలోనే పంపాలి. అమాక్సిసిలిన్ జాతి మందులు ఫ్రీజర్‌లో కూడా మెల్లగా కరిగిపోతాయి, వాటి కోసమైతే ఆలస్యం చేయకూడదు.

స్ట్రిప్ పాజిటివ్ వస్తే ఆ షెడ్డు గుడ్లను ఆపి, అదే రోజు నమూనాను రెండు భాగాలు చేయండి: ఒకటి ల్యాబుకు, ఒకటి తేదీ రాసి మీ ఫ్రీజర్‌లోకి. ల్యాబు ఫలితం మీద పేచీ వస్తే రెండో ల్యాబుకు ఇవ్వడానికి మీ దగ్గర ఉండేది అదే. ఈలోగా ఆ వారం వాడిన దాణా బస్తా నుంచి కూడా ఒక కిలో తీసి పెట్టుకోండి. మందు ఆగిందని ఖాయమయ్యాక మళ్లీ టెస్టుకు పంపే గుడ్లు కనీసం పదో రోజు తర్వాత పెట్టినవై ఉండాలి. అంతకు ముందు గుడ్లు పంపితే పాత పచ్చసొనకే మళ్లీ డబ్బు కట్టినట్టు.